అద్దాల బీరువా ముందు రంగుల పళ్లెం

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో వేల వస్తువులున్నాయి. అయినా జనం కూర్చుని మరీ ఎదురుచూసేది గడియారంలోంచి గంట కొట్టడానికి బయటికొచ్చే చిన్న బొమ్మ కోసం. కదలిక ఉన్నచోట మనిషి ఆగుతాడు. తన చెయ్యే కదిలితే, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని మళ్లీ వస్తాడు. మ్యూజియాల్లో పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని బొమ్మలు చేసే రోజులు ఇలాంటి ఎరుక నుంచే వచ్చాయి. అందుకు చాలా ఏళ్లు పట్టింది.

1872లో స్వీడన్‌లోని దలార్నా పల్లెల్లో తిరుగుతూ ఆర్టర్ హజేలియస్ అనే పండితుడు అక్కడి పాత బట్టలు, సామాన్లు కనుమరుగవుతున్నాయని గమనించాడు. కొని దాచడం మొదలుపెట్టాడు. మరుసటేడే స్టాక్‌హోమ్‌లో వాటిని ప్రదర్శనకు పెట్టాడు. వస్తువు ఒక్కటే ఉంటే బతుకు కనిపించదు గదా! అందుకే 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియం తెరిచాడు. పల్లె ఇళ్లను ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టి, వాటి నడుమ ఆ పల్లెల వేషాల్లో మనుషులను ఉంచాడు. 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పిల్లల కోసమే ఒక మ్యూజియం వెలిసింది. 1902లో అక్కడ చేరిన అన్నా బిల్లింగ్స్ గాలప్, పిల్లలు వస్తువును పట్టుకుని చూసి నేర్చుకోవాలన్న పట్టుదలతో దశాబ్దాలు పనిచేసింది.

మన దేశంలో ఈ దారి వేసింది కమలాదేవి చట్టోపాధ్యాయ నడిపిన అఖిల భారత హస్తకళల బోర్డు. 1956లో ఢిల్లీలో మొదలైన హస్తకళల మ్యూజియం, తర్వాత జ్యోతీంద్ర జైన్ చేతికొచ్చింది. ఊళ్ల నుంచి కళాకారులను పిలిచి, చూసేవారి ఎదుటే పని చేయించడం అక్కడ ఆనవాయితీ అయింది. హైదరాబాద్‌లో 1992లో వచ్చిన శిల్పారామానిదీ అదే బాట.

ఇక మన చేర్యాల నకాషీ పటాల సంగతి. నా దృష్టిలో పిల్లలూ పెద్దలూ కలిసి బొమ్మలు చేసే రోజుకు ఇంతకంటే అనువైన పని మరొకటి లేదు. నకాషీలనే చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరిన గుడ్డ మీద కులపురాణాన్ని గీస్తారు. కాకిపడగలవారు, మందహెచ్చులవారు అనే కథకులు దాన్ని ఊరూరా విప్పి కథ చెప్పేవారు. చెప్పేవాళ్లు తగ్గాక పటం కొనేవాళ్లూ తగ్గారు. అప్పుడు నకాషీల ఇళ్లను నిలబెట్టినవాటిలో బొమ్మలు, ముసుగులు ఉన్నాయి. రంపపు పొట్టులో చింతగింజల ముద్ద కలిపి చేసే ఆ ముసుగు ఒక్కపూటలో ఆరదు. అందుకే తెల్లపూత వేసి ఆరబెట్టినది ముందే సిద్ధంచేసి, రంగులు వేయడం మాత్రం పిల్లలకు వదలాలి. పసుపు ముఖం, నల్లని కనుబొమ్మ. గంటలో అవుతుంది. పక్కనే కూర్చున్న తండ్రికీ ఒకటి ఇస్తే వద్దనడు. రంగులేశాక అద్దాల బీరువాలోని పాత పటాన్ని చూపిస్తే, పిల్ల కళ్లు గీత ఎక్కడ సన్నబడిందో వెతుకుతాయి. అంతకుముందు అదే పటం ముందు రెండు నిమిషాలు నిలబడని పిల్ల!

జనగామ పక్కనున్న పెంబర్తిలో లక్క మీద ఇత్తడి రేకు పరిచి ఉలితో బొమ్మలు తేల్చడం కూడా పిల్లలను కట్టిపడేస్తుంది. అక్కడ ఉలి పెద్దల చేతిలో, చూపు పిల్లలది.

మా చిట్యాల వాళ్లకు అంత దూరం పోవాల్సిన పనే లేదు. రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది. దాని రాతిగోడల మీద ఆదిమానవులు ఎరుపు రంగుతో గీసిన బొమ్మలున్నాయి. మన అమ్మమ్మలు గడపలకు, అరుగులకు పూసిన జాజు ఎరుపు అందులో కనిపిస్తుంది. గుట్ట మీది బొమ్మలను ఎవరూ తాకకూడదు, వాటి దగ్గర రంగు డబ్బా తెరవకూడదు. కింద చెట్ల నీడలో, విడిగా తెచ్చిన బండల మీద జాజు నూరి వేళ్లతో జింకనో, చేతిముద్రనో వేయించవచ్చు. పత్తి ఏరడం అయిపోయి, ఎండలు ఇంకా ముదరని ఆదివారం పొద్దున పెడితే, కూలికి పోయే తల్లిదండ్రులు కూడా పిల్లల పక్కన కూర్చోగలరు.