మైసూరు శాండల్: యుద్ధంలో పుట్టిన సబ్బు

మైసూరు శాండల్ సబ్బు పుట్టుకకు కారణం మొదటి ప్రపంచ యుద్ధం. అంతవరకు మైసూరు అడవుల గంధపు చెక్క ఓడలెక్కి ఐరోపాకు పోయేది. నూనె తీయడం, లాభం గడించడం అక్కడి పని. 1914లో యుద్ధం రాగానే ఎగుమతులు దెబ్బతిన్నాయి, చెక్క గుట్టలుగా మిగిలింది. ఇక్కడే నూనె తీయించాలని మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య సంకల్పించారు. ఈ దివాను పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమే. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ నూనె తీసే పద్ధతిని రూపొందించగా 1916లో బెంగళూరులో, ఆ వెంటనే మైసూరులో కర్మాగారాలు వెలిశాయి.

ఈ నూనె చౌకగా దొరికేది కాదు. శ్రీగంధం చెట్టు పక్క చెట్ల వేళ్ల నుంచి కొంత పోషణ లాక్కుంటూ పెరుగుతుంది. వాసనంతా చేవలోనూ వేరులోనూ ఉంటుంది. ఆ చేవ ముదరడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. చెక్కను పొడిచేసి ఆవిరి పట్టిస్తే నూనె దిగుతుంది.

1918 ప్రాంతంలో మహారాజుకు ఫ్రాన్సు నుంచి గంధపు నూనెతో చేసిన సబ్బులు కానుకగా వచ్చాయని, నూనె మనదైనప్పుడు సబ్బు మాత్రం ఎందుకు కాకూడదనే ఆలోచన అప్పుడే పుట్టిందని చెబుతారు. రసాయన శాస్త్రవేత్త సోసలె గరళపురి శాస్త్రిని ఇంగ్లండు పంపి ఆ విద్య నేర్పించారు. తిరిగొచ్చిన ఆయనకు ‘సోప్ శాస్త్రి’ అనే పేరు నిలిచిపోయింది. బెంగళూరు కబ్బన్ పార్కు దగ్గర ప్రభుత్వ సబ్బుల కర్మాగారం మొదలైంది. కోడిగుడ్డు ఆకారపు బిళ్ల, నగల పెట్టెను తలపించే అట్టపెట్టె, సింహపు ఒంటికి ఏనుగు తల అమరిన శరభ ముద్ర: సరుకుతో పాటు సోకునూ అమ్మవచ్చని ఆ కాలానికే గ్రహించిన తెలివి ఇది.

1944లో శివమొగ్గలో మరో నూనె కర్మాగారం వచ్చింది. 1957లో సబ్బుల తయారీ రాజాజీనగరుకు మారింది. 1980లో ఇవన్నీ కలిసి కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ లిమిటెడ్ అయ్యాయి. ఆ తర్వాత నష్టాల్లో మునిగి తేలిన సంస్థ 2006లో ఈ సబ్బుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందింది. 2012లో ఒక్కో బిళ్ల 720 రూపాయలకు ‘మిలీనియం’ సబ్బు తెచ్చింది.

అమ్మకాల్లో తెలుగు రాష్ట్రాల వాటా పెద్దది. గిరాకీ ఉన్నచోట నకిలీ కూడా పుడుతుంది: 2024 జనవరిలో హైదరాబాదు మలక్‌పేటలో దొంగ మైసూరు శాండల్ సబ్బుల తయారీ బయటపడింది. కొనేవారు తెలిసిన దుకాణంలో, బిల్లు తీసుకుని కొనడం మంచిది.