బృహన్నలకు పెట్టిన పరీక్ష



విరాటపర్వం పాఠం చెప్పిన ప్రతి ఏడూ, బృహన్నల పేరు వినబడగానే తరగతిలో వెనుక వరుసల నుండి ఒక నవ్వు వచ్చేది. ఆ నవ్వు సద్దుమణిగే వరకూ పాఠం ఆపేవాణ్ణి. తిక్కనగారు భారతాంధ్రీకరణకు ఉపక్రమించినదే ఆ పర్వంతో గదా!

వ్యాసభారతంలో ఒక చిన్న ఘట్టం ఉన్నది. బృహన్నల వచ్చి ఆటపాటలు నేర్పుతానంటే విరటుడు ఆ మాట మీద నమ్మడు. స్త్రీల చేత పరీక్ష చేయించి, సంగతి రూఢి చేసుకొన్న పిమ్మటనే కన్యాంతఃపురానికి పంపుతాడు. అర్జునునికి అది ఒక్క యేటి వేషం. నిజంగా ఆ బ్రతుకు బ్రతికేవారికి పరీక్ష యేడాదితో తీరలేదు. ఈ టపా ఆ పరీక్షల చరిత్రను గురించి.

ముందుగా మాటలు. అమరసింహుడు 'తృతీయా ప్రకృతి' అనే పేరును మనుష్యవర్గంలోనే చేర్చినాడు. మూడవ ప్రకృతి అయినా మనుష్య ప్రకృతే అన్నమాట. నేడు మన వీధులలో తిట్టుగా చెల్లుతున్న 'కొజ్జా' శబ్దానికి మూలం 'ఖ్వాజా'. అది గౌరవవాచకం. సుల్తానుల అంతఃపురాలలో అధికారం నెరపినవారిని అలా పిలిచేవారు. అధికారం పోయింది, గౌరవం పోయింది, మాట మాత్రం తిట్టుగా మిగిలింది.

ఇక చట్టాలు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో రెండవ భాగం వీరిని గురించినదే. దాని పోలికలోనే నైజాం రాజ్యంలో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల చట్టం ఒకటి వచ్చింది. హైదరాబాదు నగరంలో నివసించే వారిలో అనుమానితుల పేర్లతో ఒక రిజిస్టరు ఉంచాలి. ఆ రిజిస్టరులో పేరున్నవారు వీధిలో చీర కట్టినా, నగ పెట్టినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకొనవచ్చు. శిక్ష రెండేళ్ళ వరకు. వారి యింట పదహారేళ్ళ లోపు బాలుడుండటమూ నేరమే. నపుంసకుడనగా ఎవరు? తానే ఒప్పుకొన్నవాడు, లేదా వైద్యపరీక్షలో అట్లు స్పష్టంగా కనబడినవాడు. విరటుని పరీక్ష ఇక్కడ చట్టమైంది!

మా రెడ్డిగూడెం అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. ఇక్కడ ఆ చట్టం లేదు. ఇక్కడి నుండి పొట్ట చేతపట్టుకొని హైదరాబాదు చేరినవారికి అది వర్తించేది. నైజాం పోయినా, 1952లో నేరస్థ తెగల చట్టం రద్దయినా, ఇది పోలేదు. 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంతం) అని పేరు మార్చుకొని, 2014 తరువాత తెలంగాణ చట్టంగా నిలిచింది. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. తీర్పు చెప్పిన ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కరరెడ్డి ఉన్నారు. అప్పటికి ఆ చట్టం వయసు నూట నాలుగేళ్ళు.

శస్త్రచికిత్స విషయంలో ఆ చట్టం మరీ కఠినం. తన శరీరానికి తానే చేసుకొన్నా, సమ్మతితో మరొకరికి చేసినా ఏడేళ్ళ వరకు ఖైదు. అయినా ఆ కార్యం ఆగలేదు. హిజ్రాలు దానిని 'నిర్వాణం' అంటారు. మత్తుమందు లేకుండా దాయమ్మ చేతిమీదుగా జరిగేది. నలభై దినాలు ఎవరి కంటా పడకుండా ఉండాలి. రక్తం కారి, చీము పట్టి పోయినవారు పోగా, బ్రతికినవారికి మూత్రనాళం కుంచించుకుపోవడం, హార్మోనుల లేమితో ఎముకలు గుల్లబారడం జీవితకాలపు బాధలు. ఆసుపత్రికి వెళ్తే పురుషుల వార్డా, స్త్రీల వార్డా అన్న ప్రశ్న దగ్గరే వైద్యం ఆగిపోయేది. తరువాత ఎయిడ్స్ వచ్చింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్టీ మందులివ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి విడత రాష్ట్రాలలో మనదీ ఉంది. ఆలోగా పోయినవారి పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, తాను ఎవరో చెప్పుకొనే హక్కు మనిషిదే, అందుకు శస్త్రచికిత్స చేయించుకోవాలనడం తగదు అన్నది. విరటుని నాటి నుండి వస్తున్న పరీక్షను తోసివేసిన మాట అది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఆ మాటను సగమే నిలబెట్టింది. ట్రాన్స్‌జెండర్ అన్న గుర్తింపుకు కలెక్టరుకు దరఖాస్తు చాలునన్నది. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే శస్త్రచికిత్స జరిగినట్లు ఆసుపత్రి అధికారి పత్రం తెమ్మన్నది. 1919లో కత్తి నేరం; 2019లో అదే కత్తి రుజువు. పేదరికం చేతనో, మధుమేహం, గుండెజబ్బుల చేతనో కత్తికి ఓర్వలేని దేహం గలవారు ఏమి చేయాలి? ఈ ప్రశ్న రెండు చట్టాలకూ పట్టలేదు.

వైద్యం దొరకడమూ రాజకీయాల మీద ఆధారపడింది. 2021లో హైదరాబాదు నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 'మిత్ర్' క్లినిక్ అమెరికా ప్రభుత్వ సాయంతో మొదలైంది. 2025 జనవరి 20న ఆ దేశపు కొత్త అధ్యక్షుడు ఒకే రోజున రెండు ఉత్తర్వులు చేసినాడు. ఒకటి, విదేశీ సహాయం నిలుపుదల. రెండవది, ప్రభుత్వం గుర్తించేది స్త్రీ పురుషులను మాత్రమే. ఆ నెలలోనే నారాయణగూడ క్లినిక్ మూతపడింది. కొన్ని నెలలకు దేశీయ దాతల సాయంతో వేరొక పేరుతో మళ్ళీ తెరుచుకొన్నది. రోజూ వేసుకొనే హార్మోను మాత్రలు, ఏఆర్టీ మందులు నెలల తరబడి ఆగితే దేహం ఊరుకోదు గదా!

మామిడి కోతల కాలంలో మా వైపు కాటాల దగ్గరకు వీరు వస్తారు. చప్పట్లు విని కాటా కుర్రాళ్ళు "అది వచ్చింది రా" అంటారు. వ్యాకరణం చెప్పిన వాణ్ణి గనుక ఒక్క మాట. తెలుగు క్రియలో స్త్రీ పురుష భేదం ఏకవచనంలోనే. స్త్రీవాచకం సైతం ఏకవచనంలో అమహత్తుతో కలిసి 'వచ్చింది' అవుతుంది. బహువచనంలో అందరూ 'వచ్చారు'. 'వారు' అనడానికి ఎవరినీ పరీక్షించనక్కరలేదు. గౌరవార్థంలో ఒక్కరికీ అదే చెల్లుతుంది. మా ఊరి కుర్రాళ్ళకు ఇదే చెబుతున్నాను.

ఈ జీవితాన్ని అనుభవించినవారి నోటనే వినదలచినవారు ఎ. రేవతిగారి ఆత్మకథను పి. సత్యవతిగారి తెలుగులో చదవండి. 'ఒక హిజ్రా ఆత్మకథ' దాని పేరు; 2019లో సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందింది. చదివినవారు తమ అభిప్రాయం రెండు ముక్కలలో రాస్తే సంతోషిస్తాను.