చక్రం ఎంత తేలికవ్వాలి? బండి ఆకు నుంచి కార్బన్ ఫైబర్ దాకా

ముక్త్యాల నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ సోలార్ కారు చక్రం. "కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికీ, దానికీ ఏంటి సంబంధం?" అంటారా? ఉంది, వినండి.

మన పక్కనే జగ్గయ్యపేట. అక్కడ ధనం బోడు మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద జేమ్స్ బర్జెస్ 1887లో పుస్తకం వేశాడు. ఆ స్తూపం దగ్గర దొరికిన ఒక పలక చాలా ఫేమస్. మధ్యలో చక్రవర్తి, చుట్టూ ఆయన ఏడు రత్నాలు. అందులో ఒకటి చక్రం. నిండు చెక్క బిళ్ల కాదు, ఆకులున్న చక్రం. ఆకులంటే స్పోక్స్. అంటే సుమారు 2 వేల ఏళ్ల కిందటే, బరువు మొయ్యని చోట చెక్క తీసెయ్యొచ్చని మనవాళ్లకు తెలుసు.

ఎడ్లబండి చక్రం చూడండి. నడుమ కుండ, దాంట్లో దిగిన ఆకులు, అంచున పూటీలు, పైన ఇనుప పట్టా. చెక్కలో సన్నని పోగులుంటాయి, వాటిని పట్టి ఉంచే సహజమైన జిగురు ఉంటుంది. పోగు వెంబడి లాగితే గట్టి, అడ్డంగా అయితే చీలిపోతుంది. అందుకే వడ్రంగి ఆకును పోగు నిలువుగా ఉండేట్టు చెక్కుతాడు. పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే, అది ముడుచుకుని చక్రం మొత్తాన్ని బిగిస్తుంది.

పోగులు, జిగురు. కాంపోజిట్ అంటే ఇదే! కార్బన్ ఫైబర్ చక్రంలో పోగు కార్బన్, జిగురు రెజిన్. బరువు ఎటు పడుతుందో అటు పోగులు పరిచి, అచ్చులో పెట్టి, వేడిచేసి గట్టిపరుస్తారు.

ఇంత కష్టం ఎందుకు? 1987లో ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా, సుమారు 3 వేల కిలోమీటర్ల సోలార్ కార్ల పోటీ జరిగింది. జనరల్ మోటార్స్ వాళ్ల సన్‌రేసర్ గెలిచింది, సగటు వేగం గంటకు 67 కిలోమీటర్లు. దాని ప్యానెళ్లు ఇచ్చే పవర్ మన ఇంట్లో గీజర్ తినే దానికంటే తక్కువ! అలాంటప్పుడు ప్రతి గ్రాముకూ లెక్కుంటుంది. పైగా అంచున ఉన్న బరువు ముందుకూ వెళ్లాలి, తిరగనూ తిరగాలి. అందుకే కారు స్పీడందుకునేటప్పుడు అంచులోని కిలో దాదాపు రెండు కిలోలతో సమానం.

తేలిక విలువ తెలియాలంటే హైదరాబాద్ కథ వినాలి. అగ్ని క్షిపణి కోసం డీఆర్‌డీఎల్‌లో కలాం గారి బృందం కార్బన్ కాంపోజిట్ మీద పనిచేసింది. నిమ్స్ ఎముకల డాక్టరు ఒకాయన వచ్చి, దాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. అక్కడి పిల్లలు 3 కిలోల ఇనుప కాలిపర్లు కట్టుకుని కాళ్లు ఈడుస్తూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం గారే చాలా ప్రసంగాల్లో చెప్పారు. సోలార్ కారుకు తేలిక అంటే గెలుపు, ఆ పిల్లలకు తేలిక అంటే నడక.

కానీ ఒక ప్రమాదం ఉంది. ఇనుము విరిగే ముందు వంగి చెప్తుంది. కార్బన్ మాత్రం చాలాసార్లు చెప్పకుండా పగులుతుంది. పైకి బాగానే కనిపించినా లోపల పొర ఊడిపోయి ఉండొచ్చు. అందుకే చక్రాన్ని పై నుంచి నొక్కుతారు, మలుపులో పడే బరువులా పక్క నుంచి తోస్తారు, బ్రేక్ వేసినట్టు మెలిపెడతారు, గుంతలో పడ్డట్టు గుద్దిస్తారు. ఆ తర్వాత నాణెంతో తట్టి వింటారు. ఖంగుమంటే సరే, బొద్దుగా మోగితే లోపల ఏదో తేడా. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మమ్మ చేసే టెస్టు ఇదే కదా!

ఎవరైనా ప్రాజెక్టుకి తేలిక చక్రం చేస్తుంటే, ఎన్ని గ్రాములు తగ్గిందని మాత్రమే అడక్కండి. ఎంత బరువు దగ్గర విరిగిందో కూడా అడగండి. విరగ్గొట్టి చూడని చక్రం మీద మనిషిని ఎక్కించకూడదు. మీ ఊళ్లో బండి చేసే వడ్రంగి తాత ఉంటే, ఆకుకి చెక్క ఎటు కోస్తారో ఒకసారి అడిగి రికార్డ్ చేసుకోండి. ఆ చదువు ఏ పుస్తకంలోనూ దొరక్కపోవచ్చు. ఉంటాను మరి!