వేషాల కవచాలకు ప్లాస్టిక్ రకాలు

పౌరాణిక వేషానికి కావలసిన కిరీటం, భుజకీర్తులు, రొమ్ముకవచం ఇంట్లో చేసుకునేవారికి అందుబాటులో ఉన్న ప్లాస్టిక్‌లలో ముఖ్యమైనవి ఈవీఏ ఫోము, పీవీసీ, పాలీప్రొపిలీన్, థర్మోకోల్, ఏబీఎస్. పూర్వం ఈ సామాను తేలిక కర్రతో చెక్కి, బేగడ కాగితం, అద్దం ముక్కలు అతికించేవారు. చిత్తూరు సీమ పడమటి మండలాల్లో ధర్మరాజు గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. దుర్యోధనుడి వేషం కట్టినవాడు ఆ బరువుతోనే గిరికీలు కొట్టాలి, పద్యం ఎత్తుకోవాలి. అందుకే చూపుకు ఇనుములా ఉందా అన్నదానికన్నా భుజానికి భారమా కాదా అన్నది ముందు చూడాలి. ఆ లెక్కన మొదటి పీట ఫోముదే.

ఈవీఏ ఫోము అంటే పిల్లల ఆటగదుల్లో పరిచే, ఒకదానికొకటి తగిలించే మెత్తటి పలకలు. స్టేషనరీ కొట్లలో దొరికే రంగుల షీట్లూ అవే. రొమ్ముపలకకు 8–10 మిల్లీమీటర్ల మందం, పైన ఉంచే లతలకు, అంచులకు 2 మిల్లీమీటర్లు సరిపోతుంది. వేడిగాలి గన్ను చూపితే పైపొర బిగుసుకుని కాస్త మెరుస్తుంది. అప్పుడే మోకాలి మీద వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. మడత పదునుగా రావాలంటే లోపలివైపు సగం లోతు గాడి తీయాలి. అతుకులకు రబ్బరు సొల్యూషన్ రెండువైపులా రాసి, తడి ఆరాకే అంటించాలి. రంగుకు ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు వేయకపోతే ఫోము రంగును పీల్చేసుకుంటుంది.

పీవీసీ పైపు ముక్క ఇక్కడ బోరున్న ఏ పొలంలోనైనా దొరుకుతుంది. నిలువునా కోసి వేడి చేస్తే సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి పలకలా పరుచుకుంటుంది. ముంజేతి కవచానికి పైపు వంపే సగం పని చేసిపెడుతుంది. అయితే మాడనివ్వకూడదు: మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఈ పని ఆరుబయటే చేయాలి. బోర్డులు రాసేవారు వాడే సన్‌బోర్డు కూడా నురగ పీవీసీయే.

పాలీప్రొపిలీన్ ఎంత మడిచినా విరగదు కానీ జిగురూ రంగూ దానికి పట్టవు. రివెట్లు కొట్టాలి, లేదా తాడుతో కుట్టాలి.

థర్మోకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. తలకు బరువు తెలియదు. పెట్రోలు కలిసిన జిగురు, స్ప్రే రంగు తగిలితే మాత్రం కరిగిపోతుంది. పైగా అలంకరణ థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఒక్కరాత్రి వేషానికి దానికోసం వెతకడం దండగ.

ఏబీఎస్ గట్టిది, నునుపైనది. వేడి షీటును అచ్చు మీదికి గాలి లాగి దించాలి కాబట్టి యంత్రం కావాలి. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో తెల్ల సైనికుల కవచాలు ఇలా చేసినవే.

పాత సామానులో ప్లాస్టిక్ రకం తెలియకపోతే త్రికోణం గుర్తులోని అంకె చూడాలి: 3 పీవీసీ, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, అంటే థర్మోకోల్ రకం. అంకె లేకుంటే చిన్న ముక్క కోసి నీళ్లలో వేయాలి. నురగ కాని గట్టి ప్లాస్టిక్‌లలో పాలీప్రొపిలీన్, పాలిథీన్ తేలతాయి. పీవీసీ, ఏబీఎస్ మునుగుతాయి. తేలినదాన్ని జిగురుతో అతికించే ప్రయత్నం మానుకోవచ్చు.