కారవాన్‌కు కరెంటు: తీగలు, ప్లగ్గులు, అడాప్టర్ల చరిత్ర

కారవాన్, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే క్యాంపింగ్ ట్రైలర్, హౌస్ బోటు వంటి కదిలే నివాసాలు ఒకచోట ఆగినప్పుడు నేల మీది లైను నుంచి వాటికి కరెంటు తీసుకునే ఏర్పాటును హుకప్ అంటారు. ఇందులో ప్రధానమైనవి మూడు: గట్టు మీది సాకెట్, అక్కడి నుంచి బండిదాకా సాగే తీగ, రెండూ పొసగనప్పుడు మధ్యలో పెట్టే అడాప్టర్. కోనసీమలో ఈ అవసరం కారవాన్‌తో మొదలైంది కాదు. తీర్థంలో అంగళ్లకు, రేవులో కట్టిన బోట్లకు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లకు, సినిమా షూటింగులకు ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి తీగలు లాగుతూనే ఉన్నారు.

వాడపల్లి తీర్థం, తాత్కాలిక కరెంటు

వాడపల్లి గౌతమీ గోదావరి ఒడ్డున, ఆత్రేయపురం మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి వేంకటేశ్వరస్వామి మూర్తి రక్తచందనపు కొయ్యది. వరుసగా ఏడు శనివారాలు వచ్చి, వచ్చిన ప్రతిసారీ ఏడు ప్రదక్షిణలు చేయడం మొక్కు. చైత్ర శుద్ధ ఏకాదశికి కల్యాణోత్సవం జరుగుతుంది. శనివారం తెల్లవారకముందే దర్శనం చేసుకోవాలనుకునేవాళ్లు రాత్రికే చేరుకుంటారు కనుక, కార్లు, టెంపో ట్రావెలర్లు, బస్సులు ఆగేచోట వెలుతురు, ఫ్యాను, ఫోను ఛార్జింగు కావలసి వస్తాయి.

కరెంటు రాకముందు తీర్థాలు పెట్రోమాక్స్ దీపాల వెలుగులో జరిగేవి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలై, 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక లైన్లు పల్లెలకు పాకాయి. ఉత్సవాలకు, పెళ్లి పందిళ్లకు తాత్కాలిక సర్వీసు తీసుకోవడం అప్పటినుంచీ ఉన్నదే. 2000లో పంపిణీ సంస్థలు వేరుపడ్డాక ఈ ప్రాంతం తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వచ్చింది.

సర్వీసు మీటరు దాకా పని పద్ధతిగానే సాగుతుంది. గొడవంతా మీటరు తర్వాతే. మైకుసెట్టు కుర్రాడు రెండు తీగల కొసలు పళ్లతో ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి, సాకెట్ కింది రెండు రంధ్రాల్లో దూర్చి, ఊడిరాకుండా అగ్గిపుల్లలు గుచ్చడం తీర్థాల్లో చూడని వాళ్లుండరు. ప్లగ్గు లేకుండా పని జరిగిపోయింది. పైనున్న మూడో రంధ్రం, అంటే ఎర్త్ రంధ్రం, మాత్రం ఖాళీగా మిగిలింది. మైకుసెట్టుకు ఆ అలవాటు ఎలాగో చెల్లిపోయింది గానీ, మనుషులు లోపల పడుకునే ఇనుప బండికి చెల్లదు. కారవాన్ హుకప్ చరిత్ర అంతా ఒకరకంగా ఆ మూడో రంధ్రం చరిత్రే.

చక్రాల మీది ఇల్లు

విహారానికే తయారైన తొలి కారవాన్లలో ఒకటి ఇంగ్లండులో 1885లో వైద్యుడు, రచయిత గోర్డన్ స్టేబుల్స్ చేయించుకున్న గుర్రబ్బండి. పేరు ‘ది వాండరర్’. దానికి కరెంటు ఊసే లేదు. అదే 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాటక సమాజం మొదలైంది. పిల్లాపాపలతో, తెరలతో, దీపాలతో ఊరూరా తిరిగిన సురభి కుటుంబాలు కదిలే ఇంటి కష్టసుఖాలను బాగా చవిచూశాయి. ఆ తర్వాత వచ్చిన టూరింగ్ టాకీసులు డీజిల్ ఇంజనును, డైనమోను వెంట తెచ్చుకునేవి. ఊళ్లో కరెంటు ఉంటుందన్న నమ్మకం లేని రోజులవి.

అమెరికాలో 1936లో మార్కెట్‌కు వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ ట్రైలర్‌లో విద్యుద్దీపాలున్నాయి. ఎయిర్ కండిషనర్, నీళ్ల హీటరు, మైక్రోవేవ్ పొయ్యి ఒక్కొక్కటే బండి ఎక్కేసరికి బ్యాటరీ చాలక, గట్టు మీది లైను తప్పనిసరైంది.

తెలుగు జనానికి చక్రాల మీది ఇల్లు బాగా పరిచయమైంది 1982లో. ఎన్.టి. రామారావు పాత షెవ్రొలే వ్యానును ‘చైతన్య రథం’గా మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. తిండి, నిద్ర అందులోనే. ఆ తర్వాత కారవాన్ అన్న మాట సినిమా వాళ్ల సొత్తయింది. కొబ్బరితోటల్లో, గోదావరి లంకల్లో షూటింగు జరిగితే తారల కారవాన్లు వరసగా ఆగుతాయి, వాటి పక్కన జనరేటర్ వ్యాను గుర్రుమంటూ ఉంటుంది. పర్యాటకుల కోసం కారవాన్ విధానం ప్రకటించిన రాష్ట్రాల్లో కేరళ పేరు 2021 నుంచి గట్టిగా వినిపించింది. బండ్లు వచ్చినంత వేగంగా వాటికి తగిన సాకెట్లు రాలేదు. ఆగినచోట ఉన్న ప్లగ్గుతో సర్దుకోవడమే ఇప్పటికీ మామూలు.

గుండ్రటి పిన్నులు

మన ప్లగ్గు బ్రిటిష్ వాళ్లు వదిలిపోయింది. 1934లో వెలువడిన బీఎస్ 546 ప్రమాణం గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గులకు కొలతలు నిర్ణయించింది. 1947లో బ్రిటన్ దీర్ఘచతురస్రపు పిన్నులు, లోపల ఫ్యూజు ఉన్న బీఎస్ 1363కు మారడం మొదలుపెట్టింది. మనం గుండ్రటి పిన్నులనే ఉంచుకున్నాం. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే దొరలు వదిలేయడం మొదలుపెట్టిన ప్లగ్గు మన గోడల మీద స్థిరపడడం విడ్డూరమే. తర్వాత ఐఎస్ 1293 భారతీయ ప్రమాణమైంది. పాత 5, 15 ఆంపియర్ల లెక్క 6, 16గా మారింది. ఇళ్లలో మాత్రం ఇప్పటికీ చిన్నదాన్ని త్రీ పిన్ అనీ, పెద్దదాన్ని పవర్ ప్లగ్గనీ అంటారు.

ఒక త్రీ పిన్ ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూడండి. పైనున్న ఎర్త్ పిన్ మిగతా రెండింటికంటే పొడుగు, లావు. ప్లగ్గు నొక్కేటప్పుడు అది ముందు తగలాలి, పీకేటప్పుడు చివర ఊడాలి. షట్టర్లున్న సాకెట్‌లో కింది రంధ్రాల మూతలను తెరిచేదీ అదే. చిన్న ప్లగ్గుకు ఫేజు, న్యూట్రల్ పిన్నులు సుమారు 5.1 మిల్లీమీటర్ల మందం, ఎర్త్ పిన్ 7.1. పవర్ ప్లగ్గులో కింది పిన్నులే 7.1, ఎర్త్ 8.7. అంటే చిన్నదాని ఎర్త్ పిన్, పెద్దదాని ఫేజు పిన్ ఒకే లావు. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్‌లో దూరకుండా ఈ కొలతలే అడ్డుపడతాయి. 6 ఆంపియర్ల పాయింటు మీద 16 ఆంపియర్ల బరువు వేయనివ్వని కాపలా అది.

ఆ కాపలాను తప్పించేందుకు బజారులో కన్వర్షన్ ప్లగ్గు అమ్ముతారు. ఒకవైపు చిన్న పిన్నులు, రెండోవైపు పవర్ ప్లగ్గు పట్టే రంధ్రాలు. ఏసీ ఉన్న కారవాన్‌ను దీంతో సత్రం వరండాలోని ఫ్యాను పాయింటుకు తగిలిస్తే ముందు ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తుంది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మార్చగలదు, గోడలోపలి తీగ లావును మార్చలేదు. ఎలాంటి ప్లగ్గైనా పట్టే యూనివర్సల్ సాకెట్ కూడా దూరప్రయాణాల బండికి నప్పదు. అన్నింటికీ సరిపోయేలా చేసిన రంధ్రం దేన్నీ బిగువుగా పట్టదు, వదులు చోట వేడి పుడుతుంది.

నీలి ప్లగ్గు, ముప్పై ఆంపియర్ల ప్లగ్గు

ఐరోపా క్యాంపుల్లో ఈ తికమక చాలావరకు తీరింది. ఐఈసీ 60309 ప్రమాణపు గుండ్రటి ప్లగ్గు అక్కడ వాడుక. రంగును బట్టి ఓల్టేజీ తెలుస్తుంది: 110 ప్రాంతానికి పసుపు, 230కి నీలం, 400కు ఎరుపు. ఎర్త్ పిన్ గడియారంలో ఏ అంకె దగ్గర ఉందన్నదాన్ని బట్టి తప్పు ప్లగ్గు తప్పు సాకెట్‌లో దూరదు. కారవాన్లకు వాడేది నీలి రంగు, 16 ఆంపియర్లది. మూత ఉంటుంది, వాన తుంపర లోపలికి పోదు. ఈ రకం ప్లగ్గులు మన దగ్గర ఫ్యాక్టరీల్లో వాడతారు, ఎలక్ట్రికల్ హోల్‌సేలు దుకాణాల్లో దొరుకుతాయి, ఇండస్ట్రియల్ ప్లగ్గు అని అడగాలి.

అమెరికా దారి వేరు. అక్కడి ఇళ్లలో 120 ఓల్టులు. చిన్న ట్రైలర్లకు టీటీ-30 అనే 30 ఆంపియర్ల ప్లగ్గు, పెద్దవాటికి నాలుగు పిన్నులతో 14-50 అనే 50 ఆంపియర్ల ప్లగ్గు స్థిరపడ్డాయి. రెంటినీ కలిపే పొట్టి అడాప్టరును, దాని రూపం చూసి ‘కుక్క బొమిక’ అని పిలుస్తారు. వేసవి సెలవుల్లో ఆర్‌వీ అనే కదిలే ఇంటి బండి అద్దెకు తీసుకుని జాతీయ పార్కులు చుట్టే తెలుగు కుటుంబాలకు ఇవి పరిచయమే. అక్కడ పేరుమోసిన ప్రమాదం ఒకటుంది: టీటీ-30 సాకెట్‌ను బట్టలారబెట్టే యంత్రపు సాకెట్ అనుకుని ఎలక్ట్రీషియన్ 240 ఓల్టులు ఇస్తే, ట్రైలర్‌లోని సామాను ఒక్క దెబ్బకు మాడిపోతుంది.

అంకెలు చూసి మోసపోకూడదు. అమెరికా 30 ఆంపియర్లను 120 ఓల్టులతో హెచ్చిస్తే 3600 వాట్లు. మన పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లను 230తో హెచ్చిస్తే 3680. మన పవర్ పాయింటు వాళ్ల ముప్పైకి దీటైనదే. అయితే ఆంపియర్లు ఎక్కువ కనుక వాళ్ల తీగ సుమారు 5.3 చదరపు మిల్లీమీటర్ల రాగి, మనకు 2.5 చాలు. అక్కడి నుంచి తెచ్చిన సామాను ఇక్కడ నడవాలంటే పిన్నులు మార్చే అడాప్టర్ సరిపోదు, ఓల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పైగా అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50.

తీగ ఎంపిక

బండిలో ఏం నడుస్తాయో ముందు కూడాలి. ఒకటిన్నర టన్ను ఏసీ 7, 8 ఆంపియర్లు లాగుతుంది, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9. రెండూ కలిస్తేనే పవర్ ప్లగ్గు అంచుకు చేరినట్టు. ఇక 3000 వాట్ల గీజరు వేయాలంటే ఏసీ, పొయ్యి రెండూ ఆపాల్సిందే. చిన్న త్రీ పిన్ పాయింటు మీద 1380 వాట్లకు మించకూడదు: లైట్లు, ఫ్యాన్లు, ఛార్జర్లు, చిన్న ఫ్రిజ్.

తర్వాత దూరం. గీజరు ఒక్కటే 13 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. ముప్పై మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో పోనూ రానూ కలిపి ఆరు ఓల్టుల లోపే తగ్గుతుంది. అదే పని 1 చదరపు మిల్లీమీటరు తీగతో చేస్తే 14 ఓల్టులు పోయి, దాదాపు 180 వాట్లు తీగలోనే వేడిగా మారతాయి. లైను చివరి ఊళ్లలో సాయంత్రానికి ఓల్టేజీ ముందే తగ్గి ఉంటుంది కనుక ఏసీ కంప్రెసరు ముక్కుతుంది. మిగిలిన తీగను చుట్టగా చుట్టి బండి కింద వదిలేస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక తొడుగు కరుగుతుంది. వాడేది ఎంత పొడుగైనా చుట్ట మొత్తం విప్పాలి.

పీవీసీ తీగలకు ఐఎస్ 694, రబ్బరు తొడుగు తీగలకు ఐఎస్ 9968 ప్రమాణాలున్నాయి. గట్టు మీద పడేసి, చక్రాల కింద నలిగి, బురదలో నానే తీగకు రబ్బరు తొడుగే మేలు. మూడు పోగులూ ఉండాలి. ఆకుపచ్చ-పసుపు చారల పోగు ఎర్త్‌కు తప్ప మరి దేనికీ వాడకూడదు. మధ్యలో అతికి టేపు చుట్టిన తీగ ఎంత లావైనా పనికిరాదు.

ఎర్త్, లీకేజీ

కారవాన్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల ఎక్కడో ఫేజు తీగ బాడీకి తగిలితే ఆ ఇనుమంతా కరెంటు పట్టుకుని ఊరుకుంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిల్చుని తలుపు పిడి పట్టుకున్నవాడే దానికి దారవుతాడు. కోనసీమ నేలలో అడుగు లోతుకే చెమ్మ. వర్షాకాలం వాడపల్లి రేవు పక్కన ఆగిన బండి గురించి వేరే చెప్పాలా? చెరువు గట్ల మీద ఏరియేటర్ తీగలతో జరిగిన ప్రమాదాలు ఈ ప్రాంతపు రైతులకు బాగా తెలుసు.

చెమ్మ నేలకు ఒక సుగుణం ఉంది, ఎర్త్ బాగా అందుతుంది. ఉప్పుగాలి తగిలేచోట ఎర్త్ కోసం పాతిన జీఐ పైపు తుప్పు పట్టడం దాని తిరుగుదెబ్బ. గుంట తీసి బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపు కొన్నేళ్లకు నేలలోనే తెగిపోయినా పైన తీగ బాగానే కనిపిస్తుంది. అందుకే సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉందని నమ్మరాదు. ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూస్తారు, అది మిణుకుమంటే ఎర్త్ బలహీనం. నిజానికి ఈ పరీక్ష మీటరుతో చేయాలి. ఆ బల్బు తగిలించినప్పుడు బ్రేకర్ పడిపోతే మాత్రం సంతోషించవచ్చు, అక్కడ ఆర్‌సీసీబీ ఉన్నట్టు.

పోయే కరెంటు, వచ్చే కరెంటు సమానంగా లేకపోతే రెప్పపాటులో లైను తెంచే పరికరం ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లది మనుషుల రక్షణకు. కారవాన్ పార్కుల అంతర్జాతీయ నియమం ఐఈసీ 60364-7-708 ప్రకారం ప్రతి సాకెట్‌కూ విడిగా ఎంసీబీ (మోతాదు మించితే లైను తెంచే బ్రేకరు), విడిగా 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండాలి. సాకెట్ నేలకు అర మీటరు నుంచి మీటరున్నర ఎత్తులో ఉండాలి. అదే నియమావళిలో పడవల రేవులకు 709, జాతర అంగళ్లకు 740 అనే భాగాలున్నాయి. దిండిలో హౌస్ బోట్లు, వాడపల్లిలో తీర్థం, దారిలో కారవాన్లు ఉన్న కోనసీమకు మూడూ అక్కరకొచ్చేవే.

2027లో గోదావరి పుష్కరాలు. ఒడ్డు పొడుగునా వందల బండ్లు రాత్రిళ్లు నిలిచి ఉంటాయి. పార్కింగుకు జాగా చూసే అధికారులు, ఆలయాల వాళ్లు స్తంభానికి దీపంతో పాటు మూతలున్న నీలి సాకెట్లు నాలుగు, ఒక్కోదానికి ఒక ఎంసీబీ, ఒక ఆర్‌సీసీబీ పెట్టించాలి. బండి యజమానులు కన్వర్షన్ ప్లగ్గు ఇంట్లో వదిలేసి, నీలి సాకెట్లు లేనిచోట ఆగినప్పటి కోసం ఒక కొసన పవర్ ప్లగ్గు, బండి వైపు కొసన నీలి సాకెట్ ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రబ్బరు తీగ ఒకటి చేయించి వెంట తెచ్చుకోవాలి.