చెప్పినట్టే చేసింది

2021 చివర్లో కెనడాలో ఇద్దరు మిత్రులు సవాలు వేసుకున్నారు. నెల రోజులు ఇంటి కంప్యూటర్‌ని లైనక్స్ మీదే నడపాలి, ఆటలూ అందులోనే ఆడాలి. ఇద్దరూ యూట్యూబ్‌లో పేరున్న 'లైనస్ టెక్ టిప్స్' వాళ్లే: లైనస్ సెబాస్టియన్, ల్యూక్ లాఫ్రెనియర్. (పేరు కలిసింది గానీ, లైనక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ వేరే మనిషి.)

సెబాస్టియన్ 'పాప్ ఓఎస్' అనే లైనక్స్ రకం ఎక్కించాడు. ఆటలు ఎక్కించుకోవడానికి 'స్టీమ్' అనే ప్రోగ్రామ్ కావాలి. స్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే మొరాయించింది. సరే అని టెర్మినల్ తెరిచి, ప్యాకేజీలు ఎక్కించే, తీసేసే 'ఆప్ట్'కి పని అప్పగించాడు. తెర మీద బారెడు జాబితా దిగింది. తీసేయబోయే ప్యాకేజీలవి: పాప్-డెస్క్‌టాప్, జీడీఎం3, ఎక్సార్గ్... అంటే డెస్క్‌టాప్, లాగిన్ తెర, బొమ్మ చూపించే సర్వర్. కింద హెచ్చరిక. కాదూ కూడదంటే 'యస్, డూ యాజ్ ఐ సే!' అని పొల్లుపోకుండా టైప్ చెయ్యమంది.

చేశాడు.

కాసేపటికి రంగుల డెస్క్‌టాప్ మాయం. నల్లటి తెర మీద లాగిన్ అడుగుతూ తెల్లటి అక్షరాలు.

స్టీమ్‌కి 32 బిట్ లైబ్రరీలు కావాలి. ఆ రోజుల్లో ప్యాకేజీలు దొరికే రిపాజిటరీలో వాటి వెర్షన్లు ఒకదానికొకటి పొసగలేదు. ఆ చిక్కు తీర్చబోయి ఆప్ట్, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టింది.

నిజానికి యంత్రానికేమీ కాలేదు. లాగిన్ అడుగుతోందంటే లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ నడుస్తున్నట్టే, ఫైళ్లు ఉన్నచోటే ఉన్నట్టే. పేరూ పాస్‌వర్డూ ఇచ్చి, నెట్ ఉంటే 'సుడో ఆప్ట్ అప్‌డేట్', తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పాప్-డెస్క్‌టాప్', ఆపైన రీబూట్. పోయిన డెస్క్‌టాప్ తిరిగొస్తుంది. సెబాస్టియన్ మాత్రం విసిగి మంజారో అనే మరో లైనక్స్ రకానికి మారిపోయాడు. నేనైతే అతన్ని తప్పుపట్టను. ఆటల సాఫ్ట్‌వేర్ అడిగినవాడికి డెస్క్‌టాపే పోతుందని తట్టాలంటే ఎలా?

మీకూ ఎప్పుడైనా తెర నల్లబడి లాగిన్ కూడా రాకపోతే, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. చాలాసార్లు అక్షరాల తెర వస్తుంది. కెర్నల్ అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ చెడితే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చెయ్యండి. ఫార్మాట్ జోలికి మాత్రం తొందరపడి పోకండి.

సెబాస్టియన్ సవాలు వీడియో బయటికొచ్చిన 2021 నవంబరులోనే ఆప్ట్ 2.3.12 వచ్చింది. అత్యావశ్యక ప్యాకేజీలను తీసేసి చిక్కు తీర్చుకునే పద్ధతిని అందులో ఆపేశారు.