మునుగునవి, తేలునవి: భావనపాటి తీరమున ఒక పాఠపు చరిత్ర

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలమున, బంగాళాఖాతపు టొడ్డున నున్న భావనపాడు మత్స్యకారుల గ్రామము. దాని పరిసరమున నౌపడ ఉప్పుకొఠార్లును, తేలినీలాపురమునకు ఏటేట వచ్చెడి గూడబాతులును ప్రసిద్ధములు. నీటితొట్టిలో గులకరాయి, ఆకు, ఇనుపమేకు, చెక్కముక్క ఒక్కొక్కటిగా వేయించి, ఏది మునిగినది, ఏది తేలినది అని యడుగుటను ఈనాటి బోధకులు ఐదారేండ్ల శిశువునకు తగిన తొలి శాస్త్రపాఠములలో నొకటిగా లెక్కింతురు. ఆ పాఠమే యిక్కడ బడి పుట్టకముందు బ్రతుకుతెరువుగా నుండెను.

తెప్పను చూడుడు. అది బోలుగా తొలిచిన పడవ కాదు. తేలికజాతి దుంగలను తాళ్ళతో బిగించి కట్టినది. నీరు దుంగల నడుమనుండి పైకి వచ్చినను తెప్ప మునుగదు, ఏలయన తేలుట దాని ఆకారముచేత గాక కొయ్య స్వభావముచేతనే కలుగుచున్నది. అయితే ఆ కొయ్య నీరు పీల్చుకొలది బరువెక్కి క్రుంగును గావున, వేటనుండి వచ్చిన పిదప కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరవేయుట తెప్పవారికి తప్పని పని. వలకు పైయంచున బెండ్లు, క్రిందియంచున సీసపు గుండ్లు కట్టుటయు ఇట్టిదే: బెండు లాగవలె, గుండు దిగవలె, ఆ రెంటి నడుమ వల నీటిలో గోడవలె నిలువవలె. గుండ్లు ఎక్కువైనచో వల అడుగంటును, తక్కువైనచో ప్రవాహమునకు లేచిపోవును. విసురువలకు అంచంతయు గుండ్లే. అది మునుగుటయే దాని ప్రయోజనము. తండ్రి ప్రక్కన కూర్చుండి గుండ్లు అందించు బాలునకు ఈ తూకము చేతికి ముందు, మాటకు తరువాత తెలియును.

నౌపడ మళ్ళలో మరియొక వింత. సముద్రజలమును మడినుండి మడికి మళ్ళించి యెండబెట్టగా, మూడు మూడున్నర బోమే డిగ్రీల చిక్కదనముతో వచ్చిన నీరు దాదాపు ఇరువదియైదు డిగ్రీలకు చేరిన పిమ్మటనే ఉప్పు పేరుకొనుట ఆరంభమగును. మంచినీటిలోనే కాక సముద్రజలములో సైతము మునిగెడి తాజా కోడిగ్రుడ్డు, ఆ చిక్కని నీటిలో పైకి తేలును. వస్తువు మారలేదు, నీరు మారినది! క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో ఆర్కిమెడీసు తేలెడి వస్తువులపై గ్రంథమే రచించెను గాని, ఆ గ్రంథసారమును కన్నులారా చూచుటకు ఉప్పుమడికంటె మంచి చోటు నాకు తోచదు.

మరి బడి యేమి చేయుచుండెను? ఈ ప్రాంతము పూర్వపు గంజాం జిల్లాలోనిది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దొర ఆజ్ఞపై సేకరింపబడి, 1826 నాటి ఆయన నివేదికలో కెక్కిన లెక్క ప్రకారము, మద్రాసు రాజధానియందు 12,498 బడులుండెను. వానిలో సామాన్యముగా వ్రాత, చదువు, లెక్క. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. మద్రాసులో అనాథబాలుర ఆశ్రమమును నడపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుకవ్రాతను దేశీయపు బడిలో చూచి ముచ్చటపడి, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పెడి పద్ధతితో జతచేసి, 1797లో ఇంగ్లండున పుస్తకముగా ప్రకటించెను. మన ఇసుక అట్లు సముద్రము దాటినది. ఆ ఇసుకప్రక్కనే యున్న నీరు మాత్రము బడిలోనికి రాలేదు. శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, పిల్లవాడు ఇంట వినెడి భాషలోనే బడి నడువవలెనని జీవితాంతము వాదించి, సవర బాలురకు వారి భాషలో వాచకములు కూర్చిరి. (గ్రాంథికచ్ఛాయ వీడలేని ఈ వ్యాసమును వారు చూచినచో ఏమందురో ఊహింపగలను.) ఇంటి భాషకు వారు చేసిన వాదము ఇంటి పనికిని వర్తించును. 1937లో గాంధీజీ అధ్యక్షతన జరిగిన వార్ధా విద్యాసభ చేతిపని ద్వారా చదువు అనెను గాని, ఆ ఆశయము రాట్నము దగ్గర నిలిచినంతగా వల దగ్గర నిలువలేదు.

ఇనుము తేలుట ఉత్తరాంధ్రకు పండుగైన రోజు 1948 మార్చి 14. నాడు విశాఖపట్టణమున సింధియా నౌకాశాలలో నిర్మితమైన 'జల ఉష' అను ఓడను నెహ్రూ జలప్రవేశము చేయించెను. మేకు మునుగుట చూచిన శిశువునకు ఆ యోడ ఒక పెద్ద చిక్కుప్రశ్న. జవాబు లోహములో లేదు, లోపలి ఖాళీలో ఉన్నది.

నీరు రాని బడిలోనికి తెర మాత్రము వచ్చినది. కంప్యూటరు చదువు మన దేశపు బడులలోనికి 1984లో బ్రిటనునుండి వచ్చిన బీబీసీ మైక్రో యంత్రములతో, అదియు ఉన్నత పాఠశాలలకే, వచ్చెను. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతివారికి ట్యాబుల పంపిణీ 2022 డిసెంబరు 21న మొదలైనది. పసివారికి దొరకెడి తెరయాటలలో పెక్కింట రాయిని వ్రేలితో లాగి 'మునుగును' అను గడిలో వేయుటే పాఠము. లాగుట, నొక్కుట, వదలుట అభ్యాసమగును, కాదనను. కాని ఆ రాయి తనంత తాను మునుగదు, ముంచుమని ముందే ఎవడో వ్రాసియుండవలె. తొట్టిలోని నీరు మెచ్చుకొనదు, గద్దింపదు, ఎవరి మాటయు వినదు.

అన్ని తెరలు ఇట్టివి కావు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున ఆరంభించిన 'ఫెట్' నమూనాలలో దిమ్మెను నీట వేసినపుడు, దాని బరువును పరిమాణమును లెక్కగట్టి యంత్రమే ఫలితమును చూపును. అట్టివి ఎనిమిదవ తరగతికి తగును. వల గుండ్లు కట్టిన యింటి పిల్లవానికి ఆ వయసున రాయి మునుగునా యని యడుగుట అవమానమే. వానికి తగిన ప్రశ్న ఊరి చెంతనే ఉన్నది. భావనపాడు పేరుతో తలపెట్టబడి పిదప మూలపేట పేరు పొందిన రేవునకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. సరకుల ఓడ ప్రక్కన ఎంతవరకు మునుగవచ్చునో తెలుపు గీతలుండును. వానిలో మంచినీటి గీత ఉప్పునీటి గీతకు పైన ఉండును, ఏలయన సముద్రమునుండి నదిలో ప్రవేశించిన ఓడ అదే బరువుతో మరికొంత క్రుంగును. ఎన్ని అంగుళములు క్రుంగునో లెక్కకట్టుమని ఆ ట్యాబు ముందర కూర్చుండబెట్టిన, ఆ బాలునకు అది పాఠమగును.